పలకరించకపోవడం వేరు, పలకరించనివ్వకపోవడం వేరు

“నన్ను జూసి కూడ జూడనట్టే పోయిండు.”

“మమ్ముల కులంల బంద్ వెట్టిండ్రు.”

మహారాష్ట్ర సరిహద్దు తాలూకాల్లోని తెలుగు ఇండ్లలో ఈ రెండు మాటలూ వినబడతాయి. మొదటి మాట చెప్పేవాళ్ల గొంతులో రోషం ఉంటుంది, రెండో మాట చెప్పేవాళ్ల గొంతులో భయం ఉంటుంది. వినేవాళ్లకు మాత్రం, ముఖ్యంగా ఠాణాలో బల్లకు అవతల కూర్చున్నవాళ్లకు, రెండూ ఒక్కటే అనిపిస్తాయి. “మాట్లాడుకుంట లేరు, అంతే గదా? దీనికి కేసేంది?” అని పంపించేస్తారు. మొదటిదానికి చట్టం లేదు, ఉండకూడదు కూడా. రెండోది వెలి, అది మహారాష్ట్రలో మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ పడుతుందో చెప్పాలంటే మనిషిని పట్టించుకోకపోవడానికి మనం వాడే మాటలను విప్పి చూడాలి.

ఈ తాలూకాల సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి ఎదురొడ్డున గడ్చిరోలి జిల్లా సిరొంచ ఉంటుంది. చంద్రపూర్ జిల్లాలో రాజురా, నాందేడ్ జిల్లాలో కిన్వట్, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ ఇటువైపు సరిహద్దు తాలూకాలు. కిన్వట్, రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్నవే. రాష్ట్రాలు మారినా వియ్యాలు మారలేదు. ఇప్పటికీ పిల్లను గోదావరి దాటించి ఇస్తారు, పిల్లను దాటించి తెచ్చుకుంటారు. కులసంఘాలూ రెండు ఒడ్డులకూ కలిపే ఉంటాయి. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ, బజారులో రెండూ కలిసిన మాట. అందుకే అవమానానికి కూడా ఇక్కడ రెండు మూడు భాషల పేర్లున్నాయి.

కన్ను, మొహం, మూతి

ఎదుటి మనిషిని లెక్కచేయకపోవడానికి తెలుగులో ఉన్న మాటల్లో చాలా భాగం మొహం చుట్టూ తిరుగుతాయి. పైకి అన్నీ ఒకటే అనిపిస్తాయి గానీ, పలికేవాళ్లు ఒకదాని చోట ఇంకొకటి వాడరు. అప్పు తీసుకున్నవాడు కనబడకుండా తిరిగితే “మొహం చాటేసిండు” అంటాం. అందులో తప్పు చాటేసినవాడిది. అతను ఎదుటివాణ్ని చిన్నబుచ్చడం లేదు, తానే దాక్కుంటున్నాడు. “మొహం తిప్పుకున్నడు” అంటే వేరు. ఇక్కడ తిప్పుకున్నవాడిది పైచేయి. “ఎడమొహం పెడమొహం”గా ఉండాలంటే ఇద్దరు కావాలి, కోపం రెండువైపులా ఉండాలి. ఎదురుపడితే మాట్లాడతాడు గానీ మాటలో వెచ్చదనం లేదు, అది ముభావం. అడిగినదానికి జవాబిస్తాడు, తానుగా ఒక్క ముక్క కలపడు, అది అంటీముట్టనట్టు ఉండడం.

“చూసీచూడనట్టు” అనే మాట సంగతి ఇంకా సున్నితం. పిల్లవాడు చిన్న తప్పు చేస్తే తాత చూసీచూడనట్టు వదిలేస్తాడు. అది దయ. అదే “చూసి కూడా చూడనట్టు పోయిండు” అన్నామంటే దయ పోయి గాయం మిగులుతుంది. నడుమ చేరిన ఆ చిన్న “కూడా” చెప్పేది ఒక్కటే, అతనికి నేను కనబడ్డాను, కనబడ్డానని అతనికీ తెలుసు. పట్టించుకోకపోవడంలో నొప్పి అంతా ఆ తెలిసి చేయడంలో ఉంది. బస్సు ఎక్కే తొందరలో చూడకపోతే ఎవరూ బాధపడరు.

విలువ తీసేయడానికి వాడే మాటలు ఇంకో వరస. ఖాతరు చేయడు, లెక్కపెట్టడు, పూచికపుల్లలా తీసిపారేస్తాడు, అవసరం తీరాక కరివేపాకులా ఏరేస్తాడు. పుస్తకాల తెలుగులో తృణీకరించడం అన్నా పూచికపుల్ల సంగతే, తృణమంటే గడ్డిపోచ. ఇవన్నీ మనిషి బరువును తగ్గించే మాటలు. మనిషి ఎదురుగానే ఉంటాడు, ఆ ఉండడానికి విలువ ఉండదు.

ఉపేక్ష ఒక్కటి వీటికి దూరంగా నిలబడుతుంది. యోగశాస్త్రం మైత్రి, కరుణ, ముదితలతో పాటు ఉపేక్షను చిత్తశాంతికి మార్గంగా చెప్పింది. రాజనీతిలో సామ దాన భేద దండాలకు తోడు మాయ, ఉపేక్ష, ఇంద్రజాలం అని మరో మూడు ఉపాయాలు చేర్చినవాళ్లున్నారు. అంటే పట్టించుకోకపోవడం ఒక ఆయుధమని పాలకులకు ఏనాడో తెలుసు. ఒకే మాట ఒకచోట సద్గుణమైంది, ఇంకోచోట ఎత్తుగడ అయింది.

బొట్టు పెట్టకుండా పిలిస్తే

నోటితో ఒక్క మాట అనకుండా మనిషిని తక్కువ చేయడంలో మా వైపు పెండ్లి పిలుపును మించింది లేదు. పిలవకపోవడం మోటు పద్ధతి. అసలు సంగతి పిలుపు తీరులో ఉంటుంది.

ఆడవాళ్లు కుంకుమభరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. కావలసిన ఇంటికి పోతే గడప దాటి లోపలికి పోతారు, ఇల్లాలిని తూర్పుకు తిప్పి నిలబెట్టి బొట్టు పెడతారు. “వదినె, ఇంటిల్లిపాది రావాలె, పొయ్యి ముట్టియ్యొద్దు” అంటారు. అంటే మీ ఇంట్లో ఆ పూట వంటే వద్దు, అందరి తిండీ మా దగ్గరే అని. కొంచెం దూరం పెట్టిన ఇంటి ముందు వాకిట్లోనే నిలబడి బొట్టు పెట్టి “ఇంటికొకరు రాండ్రి” అంటారు. ఇంకొంచెం దూరం పెట్టిన ఇంటికి కార్డు ఇంకొకరి చేత పంపుతారు. మొగవాళ్లు బజారులో కనబడితే “కార్డు అందింది గదా బావా” అని దాటిపోతారు. ఇక్కడ తిట్టు లేదు, గొడవ లేదు. కానీ ఆ రాత్రి ఆ ఇంట్లో “కార్డొచ్చింది గని పిలుపు రాలే” అన్న మాట పడుతుంది. ఆ ఇల్లాలు పెండ్లికి పోదు. పోకపోతే మళ్లీ అవతలివాళ్లకు పట్టింపు. అక్కడి నుంచి ఏండ్ల తరబడి పలకరింపులుండవు.

ఈ పట్టింపులకూ ఒక హద్దుంది. అదేమిటో మా దగ్గర ఎవర్నడిగినా చెప్తారు: పెండ్లికి పిలిస్తేనే పోవాలె, సావుకు పిలవకున్నా పోవాలె. ఎంత ఎడమొహం పెడమొహంగా ఉన్న పాలివాళ్లయినా చావు కబురు అందగానే వచ్చి నిలబడతారు. మాట్లాడకపోయినా పాడెకు భుజం ఇస్తారు. ఈ కట్టుబాటును గుర్తుపెట్టుకోండి, వెలి గురించి మాట్లాడేటప్పుడు ఇదే కొలతగా పనికొస్తుంది.

అలక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లు దీన్నీ పట్టించుకోకపోవడం కిందే జమకడతారు. అలిగినవాళ్లు మాట్లాడరు నిజమే, కానీ మాట్లాడించమని కూర్చుంటారు. అలక తీర్చేవాళ్లు ఉన్నారన్న నమ్మకం ఉంటేనే అలుగుతారు. కొత్త అల్లుడికి అలకపాన్పు వేసి, అడిగింది ఇచ్చి లేపడం ఆ నమ్మకాన్ని పండుగ చేసుకోవడమే. సత్యభామ అలిగిందంటే కృష్ణుడు వస్తాడని తెలిసే. ఎవరూ రారని తెలిసిన మనిషి అలగడు, ముడుచుకుపోతాడు. భార్యాభర్తల మధ్య, అత్తాకోడండ్ల మధ్య మౌనం ఎప్పుడు అలక హద్దు దాటి శిక్షగా మారిందో ఈ ఒక్క ఆనవాలుతో తెలుస్తుంది. బతిమాలితే కరిగేది అలక. బతిమాలిన కొద్దీ బిగుసుకునేది అలక కాదు, ఎదుటి మనిషిని లొంగదీసుకోవడం. దాన్ని అలక అని ముద్దుగా పిలిచి ఊరుకోవడం ఆ ఇంట్లో బాధపడే మనిషికి అన్యాయం చేయడమే.

మరాఠీ ఇచ్చిన మాటలు

పొరుగు మరాఠీలో ఈ తేడాలకు గట్టి పేర్లున్నాయి. ఇద్దరి మధ్య కోపంతో మాటలు ఆగిపోతే అబోలా అంటారు. తప్పించుకు తిరిగితే టాళణే, శ్రద్ధ పెట్టకపోతే దుర్లక్ష కరణే, మొహం తిప్పుకుంటే తోండ్ ఫిరవణే. బడిలో పిల్లలు చిటికెనవేలు చూపించి కట్టీ అంటారు, మన పిల్లలు కటీఫ్ అంటారు, ఒకే బెంచీ మీద రెండూ నడుస్తాయి. వీటన్నిటికీ వేరుగా, చాలా బరువుగా ఒక మాట ఉంది: వాళీత్ టాకణే. కులమో ఊరో కలిసి ఒక ఇంటిని వేరుచేయడం, మన వెలివేయడం. మరాఠీ మాట్లాడేవాళ్లెవరూ అబోలా అనాల్సిన చోట వాళీత్ అనరు. మనం మాత్రం “మాట్లాడుత లేరు”, “బంద్ వెట్టిండ్రు”, “దూరం వెట్టిండ్రు” అని మూడింటినీ కలిపేస్తున్నాం. వెలి అన్న మాట పలకడానికే సిగ్గు అడ్డమొస్తుంది. వెలిపడ్డ ఇంటివాళ్లు కూడా “జర మాటలు లేవు” అని తేలిక చేసి చెప్పుకుంటారు. ఆ సిగ్గు వాళ్లకు న్యాయం దొరక్కుండా చేస్తోంది.

కచేరీలో ఎదురయ్యే మౌనం వీటన్నిటికంటే వేరు. సాత్‌బారా అనే భూమి కాగితంలో పేరు మార్పించుకోవడానికి ఒక ముసలాయన తలాఠీ, అంటే ఊరి రెవెన్యూ అధికారి, బల్ల ముందు నిలబడతాడు. మరాఠీ వచ్చు గానీ యాస తెలుగుది. “సాహెబ్” అంటాడు. తల లేవదు. గొంతు సవరించుకుని మళ్లీ “సాహెబ్” అంటాడు. వెనక నుంచి వచ్చిన ఇంకొకరికి పని అయిపోతుంది. ముసలాయన గోడకు జరిగి నిలబడతాడు, మధ్యాహ్నం దాకా అట్లాగే నిలబడతాడు. ఆయన్ను ఎవరూ తిట్టలేదు, పొమ్మనలేదు. ఈ మౌనానికి మందు వాదన కాదు, కాగితం. అర్జీ రాసి ఇచ్చి పోచ్‌పావతి, అంటే ముట్టినట్టు రసీదు, అడిగి తీసుకోవాలి. మహారాష్ట్రలో 2015 నుంచి సేవా హక్కు చట్టం ఉంది, దాని కింద ప్రకటించిన సేవలకు గడువుంటుంది, గడువు దాటితే అప్పీలు ఉంటుంది. రసీదు చేతిలో ఉన్న మనిషిని చూడనట్టు ఉండడం కష్టం.

ఎందుకింత నొప్పి

తిట్టినా ఓర్చుకునేవాళ్లు, కొట్టినా మర్చిపోయేవాళ్లు పలకరించకపోవడాన్ని మాత్రం ఏండ్ల తర్వాత కూడా గుర్తుచేసుకుంటారు. దీన్ని మనస్తత్వ శాస్త్రవేత్త కిప్లింగ్ విలియమ్స్, ఆయన తోటివాళ్లు చిన్న ఆటతో పరీక్షించి 2000లో ప్రచురించారు. కంప్యూటర్ తెర మీద ముగ్గురు బంతి విసురుకుంటుంటారు. ఒకరు పరీక్షకు వచ్చిన మనిషి, మిగతా ఇద్దరినీ నడిపేది కంప్యూటర్. మొదట రెండు మూడుసార్లు బంతి వస్తుంది, తర్వాత ఆ ఇద్దరే విసురుకుంటారు. ఇంతే. కొద్ది నిమిషాల్లోనే ఆ మనిషికి తాను నలుగురిలో ఒకరినన్న భావం, తన విలువ, తన చేతిలో ఏదో ఉందన్న ధైర్యం, తాను ఉన్నందుకు అర్థం ఉందన్న నమ్మకం నాలుగూ పడిపోతాయి. అవతల ఉన్నది మనుషులు కాదు, యంత్రమే అని ముందే చెప్పినా బాధ తగ్గలేదని 2004లో తేలింది. 2003లో ఇదే ఆటను మెదడు చిత్రాలు తీస్తూ ఆడించినప్పుడు శరీరానికి నొప్పి కలిగినప్పుడు చురుకయ్యే భాగాల్లో ఒకటి ఇక్కడా చురుకైంది. ఆ భాగం ఇంకా చాలా పనులు చేస్తుంది కాబట్టి రెండు నొప్పులూ అచ్చంగా ఒకటేనని అనలేం. కానీ “మనసుకు తగిలింది” అనేవాళ్లను “అంత సున్నితమైతే ఎట్ల?” అని కొట్టిపారేయడానికి ఇక వీల్లేదు.

ఆ ఆటలో ఎన్నడూ చూడని ఇద్దరు, కొద్ది నిమిషాలు. వెలిలో పుట్టినప్పటి నుంచి ఎరిగిన ఊరు, నెలలు, ఏండ్లు.

వెలి ఎట్లా పనిచేస్తుంది

వెలి కోపంతో మొదలుకావచ్చు, కానీ కోపంతో నడవదు. అది ఒక ఏర్పాటు. పిల్ల వేరే కులంవాణ్ని చేసుకుంది, భూమి తగాదాలో పెద్దమనుషుల మాట వినలేదు, ఎన్నికల్లో చెప్పినవాళ్లకు ఓటెయ్యలేదు, సంఘానికి చందా కట్టలేదు, లేదా పెద్దలను దాటి ఠాణాకు పోయాడు. పంచాతి కూర్చుంటుంది. తప్పు పెడతారు, అంటే దండుగ. కట్టేదాకా ఆ ఇంటికి నీళ్లు, నిప్పు, పిలుపు బంద్. అసలు ఆయుధం ఆ తర్వాత వచ్చే వాక్యంలో ఉంది: “వాండ్లతోని మాట్లాడినోల్లకు గూడ తప్పు వడ్తది.”

పట్టించుకోకపోవడానికీ వెలికీ మధ్య గీత ఇక్కడ పడుతుంది. మొహం తిప్పుకునే మనిషి తన ఇష్టంతో తిప్పుకుంటాడు, రేపు మనసు మారితే పలకరిస్తాడు. వెలిలో ఊరంతా మొహం తిప్పుకుంటుంది గానీ అందులో సగం మందికి ఆ ఇంటిమీద ఏ కోపమూ ఉండదు. పలకరించాలని ఉన్నా పలకరించే స్వేచ్ఛ లేదు. ఒక మనిషి ఇంకొకరితో మాట్లాడకపోవడం ఆ మనిషి హక్కు. మూడో మనిషిని మాట్లాడనివ్వకపోవడం ఎవరి హక్కూ కాదు.

దగ్గర నుంచి చూస్తే ఇది ఎంత నిశ్శబ్దంగా జరుగుతుందో తెలుస్తుంది. వెలిపడ్డ ఇంటి కోడలు జొన్నల డబ్బా పట్టుకుని పిండిగిర్నీకి పోతుంది. గిర్నీ ఆయన కాదనడు. “పెట్టి పో అక్కా” అంటాడు, కండ్లలోకి చూడకుండా. ఆమె డబ్బా వరసలో ఉంటుంది. వెనక వచ్చిన డబ్బాలు ముందుకు జరుగుతాయి. పొద్దుగూకే వేళ పోయి చూస్తే డబ్బా పెట్టినచోటే ఉంటుంది, మూత కూడా తీయలేదు. గిర్నీ పట్టా దించేసి ఉంటుంది. ఆమె డబ్బా ఎత్తుకుని ఇంకో ఊరి గిర్నీకి నడుస్తుంది. ఎవరేమన్నారని అడిగితే చెప్పడానికి ఒక్క మాట కూడా లేదు. ఎవరూ ఏమీ అనలేదు.

ఇక చావు. ఇందాక చెప్పిన కొలత ఇక్కడ పనిచేస్తుంది. ఎంత పగ ఉన్నా పాడె దగ్గరికి వచ్చే ఊరు, ఈ ఇంటి పాడె దగ్గరికి రాదు. మోయడానికి నలుగురి కోసం పక్క ఊరి చుట్టాలకు ఫోన్లు చేస్తారు, వాళ్లదీ అదే సంఘమైతే వాళ్లూ భయపడతారు. చావు దగ్గర కూడా ఆగని మౌనం ఎవరిదో ఒక్కరి కోపం కాదు. దానికి వెనక ఒక ఆజ్ఞ ఉందని తెలుసుకోవడానికి వేరే రుజువు అక్కర్లేదు అంటాను.

నీళ్లు, నిప్పు ఆపడం మన ఒక్కరి ఆచారం కాదు. హిందీలో హుక్కా పానీ బంద్ అంటారు. రోమన్ చట్టంలో నీటినీ నిప్పునూ నిషేధించడం అనే పేరుతోనే ఒక శిక్ష ఉండేది, అది పడ్డ మనిషి దేశం వదిలిపోవాల్సిందే. ఏథెన్సు పౌరులు కుండపెంకుల మీద పేరు గీకి ఒక మనిషిని పదేండ్లు నగరం బయటికి పంపేవాళ్లు.

ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యం

బాయికాట్ అనే మాట ఒక మనిషి ఇంటిపేరు. 1880లో ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో చార్లెస్ బాయికాట్ ఒక ప్రభువు భూములకు ఏజెంటు. కౌలు తగ్గించమన్న రైతులను ఖాళీ చేయించబోతే, రైతుల సంఘం పిలుపుతో కూలీలు పని మానేశారు, దుకాణదారులు సరుకులు అమ్మలేదు. పంట కోయడానికి ఎక్కడి నుంచో యాభై మందిని, వాళ్లకు కాపలాగా సైన్యాన్ని తేవాల్సి వచ్చింది. ఆ ఏడాది చివరికి ఆయన ఐర్లండ్ వదిలిపోయాడు, పేరు మాత్రం ప్రపంచ భాషల్లో ఉండిపోయింది.

దీనికి దీటైనది మా గోదావరికి అవతలి ఒడ్డునే జరిగింది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీలు దొరలను సాంఘికంగా బహిష్కరించారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. పల్లెల్లో దొర గడీకి చాకలి పోలేదు, మంగలి పోలేదు, పాలేరు పోలేదు. తరతరాలుగా కూలీ ఇండ్ల మీద పడ్డ ఆయుధాన్ని తిప్పి పట్టుకున్నారు. అక్టోబర్‌లో ప్రభుత్వం ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

అయితే బహిష్కరణ మంచిదా చెడ్డదా? ఈ ప్రశ్నకు నా జవాబు సూటిగా చెప్తాను. భూమి, గింజలు, అధికారం ఉన్నవాడికి పని చేయబోమని లేనివాళ్లు కలిసి అనడం సమ్మెకు దగ్గర. అతనికి ఇంకా ఊరు దాటి పోయే దారి ఉంది, తిండి ఉంది. ఏమీ లేని ఇంటికి ఉన్నవాళ్లంతా కలిసి గింజలు అమ్మకపోవడం, దారి ఆపడం చంపడానికి దగ్గర. రెండింటికీ ఒకే పేరు ఉండడం వల్ల రెండూ సమానం కావు.

ఈ తేడాను అందరికంటే స్పష్టంగా చూసినవాడు అంబేద్కర్. బొంబాయి ప్రభుత్వం 1928లో స్టార్ట్ అనే అధికారి అధ్యక్షతన వేసిన కమిటీలో ఆయన సభ్యుడు. అణగారిన కులాలవాళ్లు మంచి బట్టలు కట్టినందుకు, భూమి కొన్నందుకు, పెండ్లికొడుకును గుర్రం మీద ఊరేగించినందుకు కూడా ఊళ్లు బహిష్కరణ ప్రకటించేవని ఆ కమిటీ రాసింది. దారులు మూసేవాళ్లు, కోమటి సరుకు అమ్మేవాడు కాదు. ఆ తర్వాత రౌండ్ టేబుల్ సమావేశానికి దళిత నాయకుడు రెట్టమలై శ్రీనివాసన్‌తో కలిసి ఇచ్చిన పత్రంలో అంబేద్కర్ బహిష్కరణను నేరంగా ప్రకటించాలని అడిగారు. నిర్వచనాల కోసం బర్మాలో 1922లో వచ్చిన బహిష్కరణ నిరోధక చట్టాన్ని ఆధారంగా తీసుకున్నారు. కత్తి పట్టకుండా చేసే హింసను చట్టం భాషలోకి తేవచ్చని అప్పుడే చూపించారు.

చట్టం ఏమంటుంది

బొంబాయి రాష్ట్రం 1949లో వెలిని నిషేధిస్తూ చట్టం చేసింది. దావూదీ బోహ్రా ముస్లింల మతగురువు దాన్ని సవాలు చేస్తే సుప్రీంకోర్టు 1962లో ఆ చట్టాన్ని కొట్టేసింది. మత కారణాలతో వెలివేసే అధికారం సంగతి మళ్లీ తెరుచుకుని, 2023లో 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళ్లింది.

కులపంచాయతీల మీద మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడడానికి నరేంద్ర దాభోల్కర్ స్థాపించిన అంధశ్రద్ధ నిర్మూలన సమితి పెద్ద ఎత్తున కదిలింది. దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. సమితి పని ఆపలేదు. 2016 ఏప్రిల్‌లో రాష్ట్ర శాసనసభ సామాజిక బహిష్కరణ నిరోధక చట్టాన్ని ఆమోదించింది, రాష్ట్రపతి అంగీకారం తర్వాత 2017 జూలైలో అమల్లోకి వచ్చింది. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అభియోగపత్రం వేశాక ఆరు నెలల్లో విచారణ పూర్తిచేయాలంటుంది. జరిమానా సొమ్మును బాధితులకు ఇప్పించే వీలుంది. వెలివేయడానికి సభ పెట్టబోతున్నారని తెలిస్తే కలెక్టర్ ముందే ఆపవచ్చు.

ఈ చట్టం వెలిని ఒక్క మాటతో చెప్పి ఊరుకోలేదు, రూపాలను వరసగా రాసింది. పెండ్లి, చావు, పూజ జరుపుకోనివ్వకపోవడం, సముదాయ మందిరం, బడి, దవాఖాన, శ్మశానం వాడుకోనివ్వకపోవడం, వ్యాపార సంబంధాలు తెంచమని ఎగదోయడం అందులో ఉన్నాయి. సరిహద్దు తెలుగువాళ్లు ప్రత్యేకంగా గమనించాల్సింది ఒకటుంది. ఫలానా బట్టలే కట్టాలని, ఫలానా భాషే మాట్లాడాలని బలవంతపెట్టడం కూడా ఆ జాబితాలో ఉంది.

ఈ చట్టం గురి ముఖ్యంగా సొంత కులం, సొంత సముదాయం వేసే వెలి మీద. దళితులనూ ఆదివాసులనూ ఇతరులు బహిష్కరిస్తే అంతకంటే గట్టి చట్టం ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కరణను, దాని పేరుతో బెదిరించడాన్ని కూడా నేరంగా చేర్చింది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేండ్లు. అది 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం, కాబట్టి గోదావరికి రెండు ఒడ్డులా పనిచేస్తుంది. మహారాష్ట్ర చట్టం ఇవతలి ఒడ్డుకే పరిమితం. అవతల పంచాతి కూర్చుని వెలివేస్తే అక్కడి ఠాణాలో బెదిరింపు, బలవంతపు వసూలు వంటి మామూలు నేరాల కింద పోవాల్సి ఉంటుంది. దండుగ కట్టమన్న చోట బలవంతపు వసూలు మాట మర్చిపోవద్దు.

2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు, దాన్ని తర్వాత సరైన ఠాణాకు బదిలీ చేస్తారు. ప్రతి ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా పంపాలి, అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు ఉంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆ సహాయం దొరుకుతుంది.

ఫిర్యాదులో “మాతో మాట్లాడడం లేదు” అని రాస్తే చదివిన అధికారి అబోలా అనుకుంటాడు. “వాళీత్ టాకలే” అని రాయాలి, “సామాజిక్ బహిష్కార్” అని చట్టం పేరు రాయాలి. పంచాతి ఏ రోజు, ఎవరి వాకిట్లో, ఎవరెవరు కూర్చున్నారు, ఎంత దండుగ అన్నారు, మాట్లాడినవాళ్లకు ఎంత తప్పు అన్నారు, ఇవన్నీ పేర్లతో రావాలి. కులసంఘం వాట్సాప్ గ్రూపులో ఆజ్ఞ పెట్టి ఉంటే, మిమ్మల్ని గ్రూపు నుంచి తీసేసి ఉంటే ఆ తెర ఫొటో ఒక్కటే దాచుకోవడం చాలదు, అది వచ్చిన ఫోన్‌ను చెరపకుండా ఉంచాలి. గిర్నీ నుంచి డబ్బా ఏ రోజు వాపసు వచ్చిందో, కిరాణా కొట్టులో ఏ సరుకు లేదన్నారో, చావు రోజు ఎవరికి ఫోన్ చేస్తే ఎవరు రాలేమన్నారో తేదీలతో రాసుకోవాలి. గిర్నీ ఆయన పేరు, కిరాణా ఆయన పేరు నేరం చేసినవాళ్ల వరసలో కాకుండా సాక్షుల వరసలో రాయడం మేలు. పలకరించాలని ఉండి పలకరించలేకపోయినవాళ్లకే, ఎవరు వద్దన్నారో తెలుసు. పోలీసులు పిలిచి అడిగితే, తమ మీద తప్పు పెడతామన్న పెద్దమనిషి పేరు చెప్పడానికి వాళ్లలో ఒక్కరైనా ముందుకు రావచ్చు.